కింద తిరుపతి

ఎవరడిగినా ఒకటే మాట:
"మీకేం డాక్టరమ్మా, రోజూ దర్శనమే!"
నవ్వి ఊరుకుంటాను.
నేను కొండెక్కి ఆరేళ్ళవుతోంది.
ఊరికొచ్చినవాళ్ళంతా మెడలెత్తి పైకి చూస్తారు.
నా బతుకు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

మెట్ల దారిలో ఆ నిట్టనిలువు చోటుకు
మోకాళ్ళ పేరు పెట్టినవాడెవడో గానీ
నా వృత్తివాడే అయ్యుంటాడు.
సోమవారం ఓపీలో బెంచీ నిండా వాళ్ళే.
నున్నటి గుండ్లు, ఎండి రాలుతున్న గంధం,
ఒకే ఇంటివాళ్ళు ఐదుగురు, ఐదుగురికీ అదే వాపు.
"మొక్కు తీరిందా?" అంటే
కాలు మడవలేని ముసలామె
ముఖమంతా విప్పి "తీరిందమ్మా" అంటుంది.
నా మాత్రలకు అంత గుణం లేదు.
ఆ సంగతి చీటీలో రాయను.

రాత్రి రైలుకో తెల్లారి బస్సుకో
వాళ్ళు వెళ్ళిపోతారు.
మిగిలేది మేము.

నైట్ డ్యూటీ దిగి రుయా గేటు దాటితే
టీ బంకు మస్తాను నన్ను చూడగానే గ్లాసు కడుగుతాడు.
చక్కెర సగం చెంచానే వేస్తాడు.
నాకు షుగరొచ్చిందని ఇతనికెవరు చెప్పారో!
ఎక్స్‌రే తీసే మునిరత్నమే అయ్యుంటాడు.
ఈ ఊళ్ళో ఎముక విరిగినా దాచొచ్చు గానీ
డాక్టరు జబ్బు దాగదు.

మొన్నొక కొత్త ఆటో కుర్రాడు
నా చేతిసంచీ చూసి వెంటపడ్డాడు:
"అలిపిరా మేడం? అలిపిరా? గది కావాల్నా?"
వెనక నుంచి ఇంకొకడు అరిచాడు:
"రేయ్, వదల్రా! ఆయమ్మ మనూరామె!"
పట్టాలన్నీ క్లినిక్కు గోడకున్నాయి.
ఈ మాటొక్కటీ కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఎండలు మాడ్చే గంగమ్మ జాతరలో
ఒళ్ళంతా బొగ్గు పూసి, నడుముకు వేపమండలు చుట్టి
తోటి వేషమొకటి నడివీధిలో నన్నాపింది.
మా తాత ముత్తాతల దాకా పోయి తిట్టింది.
ఆ తిట్లు తింటే మంచిదని అమ్మ చెప్పేది.
నిలబడి, కడుపునిండా తిన్నాను.
మర్నాడు పదకొండుకి
తెల్ల చొక్కా వేసుకుని, తల దించుకుని
కరెంటాఫీసు చెంగల్రాయులు వచ్చాడు.
"నిన్న ఎగిరేటప్పుడు మడమ పట్టేసింది మేడం."
"గొంతు కూడా పోయినట్టుందే?" అన్నాను.
మాట్లాడలేదు.
చెవుల వెనకాల బొగ్గింకా వదల్లేదు.

లీలామహల్ సర్కిల్లో పూలమ్మే దేశమ్మ
పోయిన వానల్లో జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది.
రెండు ప్లేట్లు, ఏడు స్క్రూలు.
బిగించింది నేనే.
ఎముక అతికింది. చెయ్యి మాత్రం పూర్తిగా చాచడం రాలేదు,
ఆఖరి పది డిగ్రీలు
థియేటర్లో నా బల్ల మీదే ఉండిపోయాయి.
అప్పట్నుంచీ దేశమ్మ మూర
అంగుళం పొట్టిదైంది.

"ఏమ్మే, కొలత తగ్గిందే?" అని ఎవరైనా గొడవకొస్తే
"నా చెయ్యి ఇంతేమ్మా!
కావాల్నంటే ఆ డాక్టరమ్మనడుగు పో,"
రోడ్డుకు ఇవతలున్న నన్ను
ఆ వంకర చేత్తోనే చూపిస్తుంది.
బస్సులు, హారన్లు, బోండాల నూనె పొగ,
వాటన్నిటి మధ్య నేను దొంగలా నిలబడతాను.

రోజుకు నూరు మూరలనుకున్నా
నూరు అంగుళాలు.
పెళ్ళికూతుళ్ళు, టీచరమ్మలు, నైటు నర్సులు,
ఊళ్ళో ఎన్ని జడల్లో
నా పొరపాటు తిరుగుతోందో,
కమ్మగా వాసనేస్తూ.

నేనూ రెండు మూరలు కొంటాను.
డబ్బులు తీసుకోదు, నేనిచ్చే దాకా ఊరుకోను,
చివరికి చిల్లర లేదంటుంది.
"రేపు వ్యాయామానికి రా దేశమ్మా,
ఇంకా కొంచెం సాగుతుంది చెయ్యి."
"వస్తాన్లేమ్మా," అంటుంది, దారం పంటితో తెంపుతూ.
రాదు.
రేపు శుక్రవారం. పూలకు గిరాకీ.